తైమానె ఎడమ కాలు

సినివా చేతి గుణం గురించి ఆ చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఎవరినడిగినా ఒకటే మాట. సవాయీ ద్వీపంలో ఫోఫోలకు, అంటే నూనె మర్దనతో నయం చేసేవాళ్ళకు, కొదవేమీ లేదు. కానీ పసిపిల్లల దగ్గరికి వచ్చేసరికి అందరూ సినివా ఇంటి దారే పట్టేవారు. పాలు కక్కే పిల్ల, కడుపు ఉబ్బిన పిల్ల, ఊరికే గుక్కపట్టే పిల్ల, ఎవరైనా సరే, ఆమె ఒళ్ళో పడ్డ పావుగంటకు కళ్ళు మూతలు పడాల్సిందే. ఈ సంగతి అందరికంటే బాగా సినివాకే తెలుసు. అందుకని ఆమెకు కాస్త గర్వం. కాస్తేమిటి, బాగానే ఉండేది.

అలాంటి మనిషి సొంత మనవరాలి నడుము మీద, పుట్టిన మూడో వారంలో, ఎర్రటి మచ్చ లేచింది. మొదట గోరంత ఉండేది. నెల తిరిగేసరికి అరచేతి వెడల్పున పాకి, చర్మం మీద ముదురెరుపుగా ఉబ్బింది. పిల్ల పేరు తైమానె. సినివా కొడుకు ఇయోనాకు తొలిచూలు బిడ్డ.

"ఈలా," అని తేల్చేసింది సినివా, చూసీ చూడగానే. పసిపిల్లలకు వచ్చే నలతలన్నిటికీ ఆ దీవుల్లో అదే పేరు, దానికి మందు ఫోఫో చెయ్యే. తొమ్మిది పొద్దులు వరసగా మర్దన చేయాలి, తగ్గకపోతే మళ్ళీ తొమ్మిది. కొబ్బరినూనెలో నోను ఆకు కాచి, గోరువెచ్చగా రాయాలి. ఆ తొమ్మిది రోజుల్లో సూది పడకూడదు, ఆస్పత్రి మందు లోపలికి పోకూడదు. రెండు మందులు ఒకే ఒంట్లో ఎదురుపడితే పిల్లకే చేటని ఆమెకు తల్లి నేర్పింది, ఆ తల్లికి ఆమె తల్లి. ఎందుకని ఎవరూ అడగలేదు.

కోడలు ఫువాతీనో మాత్రం ఒకసారి అడగబోయింది. సముద్రం అవతల ఆపియా పట్నంలో బట్టల కొట్టులో పనిచేసి, అప్పట్లో అక్కడ ఇయోనా నడిపే బస్సు ఎక్కీ దిగీ అతన్ని చేసుకుని ఇక్కడికొచ్చిన పిల్ల. అత్తింట్లో కోడలు ఎంతవరకు మాట్లాడాలో తెలిసిన పిల్ల కూడా.

"అత్తయ్యా, ఇది ఇంకా పెద్దదవుతోందేమో."

"అవనీ. లోపలి చెడంతా పైకొస్తోంది. రాకపోతే భయపడాలి గానీ వస్తే ఎందుకూ?"

"నొప్పి పుడుతుందేమో మరి..."

"నొప్పి పుడితే నిద్రపోతుందా? చూడు ఎలా గుర్రుపెడుతోందో. మీ మామయ్య మనవరాలు కదా, ఆ మాత్రం గుర్రు రాకుండా ఎలా ఉంటుంది!"

అవతల చాప మీద నడుం వాల్చిన మామయ్య తవీటా కళ్ళు తెరవకుండానే, "నేను గుర్రుపెట్టను," అన్నాడు. ఫువాతీనో నవ్వేసింది. మాట అక్కడితో ఆగిపోయింది.

మర్దన ముగించేటప్పుడు సినివాకు ఒక అలవాటు ఉంది. పిల్ల రెండు పాదాల కిందా తన రెండు బొటనవేళ్ళు ఆనించి చిన్నగా నొక్కుతుంది. ఏ పిల్లయినా వెంటనే తంతుంది. ఆ తన్నులో ఉన్న జోరును బట్టి పిల్ల సంగతి ఆమెకు తెలిసిపోతుంది. తైమానెకు రెండున్నర నెలలప్పుడు ఒక పొద్దున అలాగే వేళ్ళు ఆనించింది. కుడి కాలు తన్నింది. ఎడమ కాలు కూడా తన్నింది, కానీ ఆ తన్నులో బలం లేదు. సినివా మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే. నిద్రమత్తు అనుకుంది. పిల్ల కళ్ళు మాత్రం విప్పారే ఉన్నాయి, ఇంటి చూరుకేసి చూస్తున్నాయి.

ఆ రోజే ఊరికి నర్సు వచ్చే రోజు. నెలకోసారి మహిళా సంఘం ఇంట్లో కూర్చుని పిల్లల్ని తూచి, సూదులు వేసి వెళ్తుంది. ఆ సంఘానికి పెద్ద సినివాయే. నర్సుకు కోకో కాచి ఇచ్చేదీ, పిల్లలతో రాని తల్లుల్ని పేరు పెట్టి కేకేసేదీ ఆమే. ఫువాతీనో పిల్లను మెత్తటి గుడ్డలో చుట్టి సిద్ధంగా నిలబడింది.

"ఇవాళ వద్దులే," అంది సినివా. "నూనె నడుస్తోంది. సూది పడకూడదు. వచ్చే నెల వేయిద్దాం."

"నర్సమ్మ ఏమైనా అంటుందేమో అత్తయ్యా."

"అంటే నన్నంటుంది. నేను చూసుకుంటా."

ఫువాతీనో గుడ్డ విప్పింది. సినివా మెడలో పూలదండ సర్దుకుని సంఘం ఇంటికి వెళ్ళి, రాని తల్లుల్ని ఎప్పటిలాగే కేకలేసింది. తన ఇంటి పిల్ల సంగతి నర్సు అడిగితే జలుబని చెప్పింది.

నూనె నడవడం నిజమే. కానీ నిజమంతా అది కాదు. ఆ కాలు తన చేతిలోనే నయం కావాలని ఆమెకుంది. నాలుగూళ్ళ పిల్లల్ని బాగుచేసిన చెయ్యి సొంత మనవరాలి దగ్గర ఓడిపోయిందంటే ఇక ఆ చెయ్యి ఎందుకు? ఇంకో తొమ్మిది రోజులు రాస్తే సరిపోతుందనుకుంది. ఆ తొమ్మిదీ అయ్యాయి. మచ్చ జోలికి పోకుండా తొడ నుంచి పాదం దాకా రాస్తూ మరో తొమ్మిది చేసింది. రెండో వారానికి తన్ను ఇంకా తగ్గింది. మూడో వారానికి ఎడమ పాదం ఆమె బొటనవేలి మీద ఊరికే ఆని ఉండిపోయింది. సినివా ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోగా, ఎవరూ చూడకుండా మర్దన అయిపోగానే పిల్ల కాళ్ళమీద గుడ్డ కప్పేయడం మొదలుపెట్టింది.

మళ్ళీ నర్సు వచ్చింది. ఈసారి ఫువాతీనో అత్తను అడగలేదు, పిల్లను నేరుగా తీసుకెళ్ళి తక్కెడలో పెట్టింది. నర్సు తూచి, చంకల కింద చేతులు వేసి పిల్లను పైకెత్తింది. కుడి కాలు గాల్లో తన్నుతోంది. ఎడమ కాలు వేలాడుతోంది. నర్సు పిల్లను వెనక్కి తిప్పి నడుము చూసింది. అప్పటిదాకా తల్లులతో ఏదో సరదాగా మాట్లాడుతున్న మనిషి మాట ఆపేసింది.

"ఈ కాలు ఎప్పట్నించి ఇలా ఉందమ్మా?"

"మొన్న ఆదివారం చూశానండీ," అంది ఫువాతీనో. "నాలుగు రోజులైంది. తిమ్మిరెక్కిందేమో అనుకున్నా."

పక్కనే ఉన్న సినివా గిన్నెలో కోకో కలుపుతూ ఉండిపోయింది.

మధ్యాహ్నం ఓడకే బయల్దేరారు. పిల్లతో ఫువాతీనో, ఇయోనా, వాళ్ళ వెనకాల సినివా. రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. ఆపియా ఆస్పత్రిలో పిల్లల డాక్టరు ఆసెనతి అనే ఆవిడ. నలభై ఏళ్ళుంటాయి, పొట్టి మనిషి, కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని మర్చిపోయి గదంతా వెతికే రకం. గర్భిణులకు చేసే స్కానే పిల్ల వీపుకూ చేసింది. పసివాళ్ళ వెన్నెముక ఇంకా గట్టిపడి ఉండదు కాబట్టి ఆ వయసులో దాంతోనే లోపలికి చూడొచ్చునట. చాలాసేపు చూసింది. తర్వాత స్కాన్ బొమ్మల్ని న్యూజిలాండ్ డాక్టర్లకు పంపి ఫోన్‌లో మాట్లాడి వచ్చింది.

"ఇది రక్తనాళాల గడ్డ," అంది కూర్చుంటూ. "క్యాన్సర్ కాదు, ఆ భయం పెట్టుకోకండి. చాలామంది పిల్లలకి వస్తుంది, ఏ బుగ్గ మీదో, చేతి మీదో. కొన్ని నెలలు పెరుగుతుంది, తర్వాత దానంతటదే కరిగిపోతుంది. అలాంటి చోట్లయితే చాలాసార్లు మేం ముట్టుకోం కూడా. మీ పిల్లకి మాత్రం వెన్నెముక లోపలికి కూడా పెరిగింది. అక్కడున్నదే ఇరుకు సందు. కాళ్ళకి పోయే నరాలు అందులోనే ఉంటాయి. ఈ గడ్డ పోయి వాటిమీద కూర్చుంది."

"నూనె రాయడం వల్లా?" అన్నాడు ఇయోనా. తల్లి వైపు చూడకుండా అడిగాడు.

"కాదు. ఎవరు రాసినా రాయకపోయినా ఇది వచ్చేదే. ఇకమీదట మాత్రం దాన్ని నొక్కకండి, పుండు పడితే ఆగని రక్తం." ఆమె కాగితం ముందుకు లాక్కుంది. "ఇప్పుడు అసలు సంగతి వినండి. నాలుగు రోజుల్లోనే కాలు పడిపోయిందంటే నరం నలిగిపోతున్నట్టు లెక్క. ఆగడానికి లేదు. రేపటి విమానానికి న్యూజిలాండ్ పంపించేస్తాం, అక్కడ వీపు తెరిచి గడ్డ తీస్తారు. అది ఉత్త నెత్తుటి ముద్ద. ఇంత చిన్న పిల్లకి ఆ ఆపరేషన్‌లో ఎంత రక్తం పోతుందో ఎవరూ చెప్పలేరు. అలా కాకుండా వారాల తరబడి మెల్లగా తగ్గుతూ వచ్చిందనుకోండి, అప్పుడు మందుకి వ్యవధి ఉంటుంది. మందుకి ఇది కరుగుతుంది, చాలామందిలో కరిగింది. అక్కడి డాక్టర్లూ ఇదే అడుగుతున్నారు. బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి, ఎప్పట్నించి?"

"నాలుగు రోజులేనండీ," అంది ఫువాతీనో. "అంతకుముందు నాకేం కనబడలేదు." పిల్ల ఎడమ పాదాన్ని గుడ్డలోకి సర్దింది. "నేనే చూసుకోలేదేమో."

సినివా తలుపు పక్క బల్లమీద కూర్చుని ఉంది. ఆమె బుర్ర చకచకా సాకులు వెతికింది. న్యూజిలాండ్ డాక్టర్లంటే మాటలా, వాళ్ళకి అన్నీ తెలుసు. ఆపరేషన్ అయితే ఒక్కసారే పీడ విరగడైపోతుందేమో. తను నోరు మూసుకుని కూర్చుంటే పిల్ల విమానం ఎక్కుతుంది, అంతేగా. ఎవరికీ ఏమీ తెలియదు. కోడలు తన తప్పే అనుకుంటుంది, నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటుంది. డాక్టరు కాగితం మీద నాలుగు అంకె వేసింది. దాన్ని చూసేసరికి సినివాకు తన మీద తనకే రోత పుట్టింది.

"నాలుగు రోజులు కాదు," అంది.

అందరూ అటు తిరిగారు.

"నాలుగు వారాలు. కిందటి నెల నర్సు వచ్చిన రోజు పొద్దున. అరికాలికి బొటనవేలు ఆనించి నొక్కుతాను నేను, పిల్లలు తంతారు. ఆ రోజు కుడిది తన్నింది, ఎడమదానికి బలం తగ్గింది. తర్వాతి వారం ఇంకా తగ్గింది. మూడో వారానికి పాదం అసలు తన్నలేదు. మోకాలు మాత్రం మొన్న శుక్రవారం దాకా ముడుచుకుంది, ఆదివారం నుంచే అదీ లేదు."

డాక్టరు కళ్ళజోడు కిందకి దించుకుంది. "ఉచ్చ పోయడం, దొడ్డికెళ్ళడం?"

"మామూలే. గుడ్డలు మార్చేది నేనే. తేడా లేదు."

"కుడి కాలు?"

"దానికేం లేదు. ఇవాళ పొద్దున కూడా చూశాను."

డాక్టరు అన్నీ రాసుకుంది, నాలుగు అంకెను కొట్టేసింది. "ఇంత వివరంగా చెప్పేవాళ్ళు నాకు రోజూ దొరకరమ్మా," అంది. ఆ తర్వాత, గొంతు పెంచకుండానే, "నెల కిందట చెప్పి ఉంటే పిల్ల కాలికి ఇంత దాకా వచ్చేది కాదు," అని లేచి ఫోన్ చేయడానికి వెళ్ళింది.

ఇయోనా గదిలోంచి బయటికి వెళ్ళిపోయాడు. ఫువాతీనో పిల్లను గుండెకు హత్తుకుని అత్త ముఖంలోకి చూసింది. పెళ్ళయ్యాక అలా సూటిగా చూడటం అదే మొదలు.

"మీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసే ఆ రోజు మమ్మల్ని నర్సు దగ్గరికి పోనివ్వలేదు."

తొమ్మిది పొద్దుల సంగతి, తల్లి నేర్పిన పద్ధతి, అన్నీ సినివా నాలుక చివరిదాకా వచ్చాయి. "అవును," అంది, అంతే.

ఆపరేషన్ వద్దని, మందు మొదలుపెట్టమని న్యూజిలాండ్ వాళ్ళు చెప్పారు. పది రోజులు ఆస్పత్రిలోనే ఉంచి, గుండె కొట్టుకోవడం చూస్తూ కొంచెం కొంచెంగా మందు పెంచారు. గడ్డ పెరగడం ఆగిందని రెండో స్కాన్‌లో తేలాక ఇంటికి పంపారు. పాలు తాగాకే మందు, పాలు తాగకపోయినా కక్కుకున్నా ఆ పూట మందు లేదు, అని డాక్టరు ఫువాతీనో చేత మూడుసార్లు చెప్పించుకుంది.

ఇంటికొచ్చాక సీసా మీద పేరు చదివి తవీటా ఎగిరి గంతేశాడు. పన్నెండేళ్ళుగా రక్తపోటుకు ఆయన మింగే మాత్ర పేరూ అదే.

"నా మందే! చూశారా, తాత పోలిక ఎక్కడికి పోతుంది! అయినా అంత దూరం పోవడమెందుకు, నా మాత్రే ఓ ముక్క గీకి పెడితే పోయేదిగా."

ఫువాతీనో లేచి, మామగారి మాత్రలన్నీ బిస్కెట్ డబ్బాలో వేసి దూలం మీద పెట్టేసింది. అప్పట్నించి ఆయన తన మాత్ర తాను అడిగి తీసుకోవాల్సి వచ్చింది.

"హాస్యానికన్నానే తల్లీ," అని వారం రోజులు బతిమాలాడు.

సినివాతో మాత్రం హాస్యానికి చోటు లేకుండా పోయింది. ఫువాతీనో ఆమెకు అన్నం పెడుతుంది, అత్తయ్యా అని మర్యాదగానే పిలుస్తుంది, మాట తూలదు. పిల్లను మాత్రం ఇవ్వదు. ఆ ఇంటికి గోడలు లేవు, స్తంభాలు, పైకప్పు, అంతే. అన్నీ అందరికీ కనపడతాయి. పిల్లకు స్నానం చేయించడం, పాలివ్వడం, మందు పోయడం అన్నీ సినివా చూస్తూనే ఉంటుంది, ఐదారు బారల దూరం నుంచి. ఒకసారి తైమానె గుక్కపట్టి ఏడుస్తుంటే ఉండలేక చేతులు చాచింది. కోడలు పిల్లను భుజం మీద వేసుకుని సముద్రం ఒడ్డుకు నడిచింది. కొడుకుని అడిగితే, "దాని బిడ్డ, దాని ఇష్టం," అన్నాడు. సినివా తిరిగి చాప అల్లడానికి కూర్చుంది.

పక్కూరి నుంచి ఒకామె కడుపుబ్బిన పిల్లను తీసుకొచ్చింది. సినివా పిల్లను బోర్లా తిప్పి వీపంతా చూసి, "నర్సుకి చూపించావా?" అంది. లేదంటే, ముందు అక్కడికెళ్ళి రమ్మంది. ఆమె మూతి ముడుచుకుని వెళ్ళింది. సినివా చేతి గుణం పోయిందని వారం తిరక్కుండానే నాలుగూళ్ళకీ పాకింది. చర్చిలో ఆడవాళ్ళు తన వెనక గుసగుసలాడటం ఆమె విన్నది. మండిపోయింది. మండినా పద్ధతి మార్చుకోలేదు.

రెండు నెలలు గడిచాయి. తైమానె నడుము మీది మచ్చ మధ్యలో బూడిద రంగు తిరిగి, చదునవుతూ వచ్చింది. కాలు సంగతి మాత్రం సినివాకు తెలియదు. దూరం నుంచి చూస్తే ఒకోసారి కదిలినట్టే ఉంటుంది, ఒకోసారి గుడ్డ కదిలిందేమో అనిపిస్తుంది. పొద్దున లేస్తూ పిల్ల కాలు మీదికే చూపు, పడుకోబోతూ కాలు మీదికే చూపు. ఆ కాలు రాకపోతే ఆ పిల్ల జన్మంతా కుంటుతూ తన కళ్ళెదుటే తిరుగుతుంది.

మూడోసారి పరీక్షకు ఆపియా వెళ్ళిన ఫువాతీనో మర్నాటి పగటి ఓడకు తిరిగొచ్చింది. ఇయోనా బస్సు మీద ఉన్నాడు, తవీటా తోటకు పోయాడు. సినివా ఒక్కతే చాప అల్లుతూ కూర్చుని ఉంది. కోడలు వచ్చి ఎదురుగా కూర్చుంది. కూర్చుని, పిల్లను అత్త ఒళ్ళో పెట్టింది.

"చూసి చెప్పండి," అంది.

సినివా అల్లుతున్న చాపను పక్కకు తోసింది. పిల్ల బరువెక్కింది, మెడ నిలిపింది, ఎవరు నువ్వన్నట్టు ఆమె ముఖంలోకి చూసింది. నూనె లేదు, మర్దన లేదు. సినివా రెండు బొటనవేళ్ళూ రెండు అరికాళ్ళకీ ఆనించి నొక్కింది. కుడి కాలు ఫట్‌మని తన్నింది. ఎడమది ఒక్క క్షణం ఆగింది. ఆగి, తన్నింది. సినివా మళ్ళీ నొక్కింది, మళ్ళీ మళ్ళీ నొక్కింది. నాలుగోసారికి పిల్లకు విసుగొచ్చి మూలిగింది.

బాగైపోయిందనే మాట నోటి దాకా వచ్చి నిలబడింది. ఆ ఒక్క మాట అంటే కోడలి ముఖం విప్పారుతుంది. పిల్ల మళ్ళీ ఒళ్ళోకొస్తుంది, కొడుకు పలకరిస్తాడు, ఊరు నోరు మూసుకుంటుంది. అబద్ధం కూడా కాదు, తన్నింది కదా. ఫువాతీనో రెప్ప వేయకుండా చూస్తోంది.

"తన్నుతోంది," అంది సినివా. "కానీ కుడి కాలంత లేదు. సగం. సగానికి కాస్త తక్కువేనేమో. మోకాలు బాగా వచ్చింది, మడమ ఫరవాలేదు. వేళ్ళ దగ్గర ఇంకా ఏమీ లేదు."

ఫువాతీనో వంగి పిల్ల కాలివేళ్ళను తానూ తాకి చూసింది.

"డాక్టరమ్మ కూడా ఇదే చెప్పింది," అంది. "గడ్డ సగం పైనే కరిగిందంట. కాలు సగం వచ్చిందంట. వేళ్ళు వస్తాయో రావో ఏడాది పోతే గానీ చెప్పలేమంది."

"మరి అన్నీ తెలిసి నన్నెందుకడిగావే?"

"బాగైపోయిందంటారేమో చూద్దామని."

సినివా పిల్ల పాదాన్ని గుప్పిట్లో పట్టుకుంది. "అని ఉంటే?"

"పిల్లని తీసుకుని సాయంత్రం ఓడకి మా అమ్మావాళ్ళింటికి పోయేదాన్ని. మీ అబ్బాయికి కూడా చెప్పేశాను."

సినివాకు దుఃఖం ఆగలేదు. ఏడుపు వచ్చింది, ఏడ్చింది, పిల్ల మీద పడకుండా ముఖం పక్కకి తిప్పుకుని భుజానికేసి తుడుచుకుంది. ఫువాతీనో ఓదార్చలేదు. బట్టలు దులుపుకుని లేచింది.

"పాలు పట్టే వేళకి పిలవండి," అని చెప్పి, పొయ్యి దగ్గరికి చేమదుంపలు చెక్కడానికి వెళ్ళింది. పిల్లను తీసుకెళ్ళలేదు.